కిస్తు, మిత్తి, కార్డు: మేళ్లచెరువు ప్రాంతంలో అప్పు నడిచిన దారి

అప్పు భూస్వామ్యపు సంతానమనీ, దొర గడీ కూలిననాడు దొర దస్తరం కూడా దానితోపాటే కూలుతుందనీ మన అభ్యుదయ విమర్శలో ఒక అభిప్రాయం చాలాకాలం చలామణీ అయింది. గడీలు కూలాయి. కొన్ని బడులయ్యాయి, కొన్ని మొండిగోడలుగా మిగిలాయి. అప్పు మాత్రం కూలలేదు. 2019లో జాతీయ నమూనా సర్వే వారు లెక్క తీసినప్పుడు తెలంగాణలో వ్యవసాయ కుటుంబాలలో నూటికి 91.7, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 50.2. అంటే సాయుధ పోరాటం నడిచిన నేల, కమ్యూనిస్టు ఉద్యమానికి కోస్తాలో పట్టున్న నేల, రెండూ కలిసి దేశంలోకెల్లా ఎక్కువగా అప్పుపడిన నేల అయ్యాయి. ఈ వైరుధ్యాన్ని వివరించకుండా మనం అప్పు గురించి కథ రాసినా, నవల రాసినా, పాత దొరనే మళ్లీ మళ్లీ చిత్రిస్తూ కూర్చుంటాం.

నేనీ వ్యాసంలో ఒక చిన్న ప్రాంతాన్ని పట్టుకుని ఈ చరిత్రను చూడదలచుకున్నాను. సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు. పేరు చెబితే భక్తుడికి స్వయంభూ శంభులింగేశ్వరస్వామి గుడి, శివరాత్రి జాతర గుర్తొస్తాయి. మేస్త్రీకి సిమెంటు గుర్తొస్తుంది. నాకు గుర్తొచ్చేది మరొకటి. నిజాం కాలపు నల్లగొండ జిల్లాలో హుజూర్‌నగర్ తాలూకాను ఆనుకుని, చుట్టూ నిజాం రాజ్యం మధ్య ద్వీపంలా, బ్రిటిషు వారి కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా ఉండేది. కొద్ది ఆమడల దూరంలో రెండు ప్రభుత్వాలు, రెండు నాణేలు, రెండు రకాల చట్టాలు. తర్వాత సాయుధ పోరాటం. దాని తర్వాత సాగర్ ఎడమ కాలువ. ఆ తర్వాత సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు, నెల జీతం. రుణచరిత్రలో వచ్చిన ప్రతి మలుపూ ఈ ఇరవై ముప్పై మైళ్ల లోపలే కనిపిస్తుంది. పుస్తకంలో చదవక్కర్లేదు, బస్సెక్కితే చాలు.

ముందు మాటల సంగతి చూద్దాం. సాహిత్య విద్యార్థులకు అదే దగ్గరి దారి. తెలంగాణ పల్లెలో వడ్డీని 'మిత్తి' అంటారు. మన నిఘంటువుల్లో 'మిత్తి' మృత్యువుకు వికృతి. ఈ రెండు మాటల పుట్టుక ఒకటే అని నేననను. కానీ ఒకే ధ్వనిలో వడ్డీని, చావునూ పలికిన జనానికి ఆ పోలిక తట్టకుండా ఉండదు. ధాన్యపు అప్పును 'నాగు' అన్నారు. నాట్ల వేళ బస్తా వడ్లు తెచ్చుకుంటే కోతల వేళ బస్తాకు అర బస్తా కలిపి కొలవడం ఎక్కువ చోట్ల పద్ధతి. ఇక 'కిస్తు' అనే పారశీకపు మాట సర్కారుకు కట్టే శిస్తులో ఒక వాయిదాకు పేరు. కిస్తు గడువు రాగానే రైతు షావుకారు గడప తొక్కేవాడు. ఇప్పుడదే మాట 'కిస్తీ' అయి మోటారు సైకిలు మీద, ఫోను మీద, ఫ్రిజ్జు మీద కూర్చుంది. రాజ్యానికి కట్టే బాకీ పేరు బజారుకు కట్టే బాకీకి అతికిపోయింది. జప్తు, జామీను, బాకీ, వసూలు, ఖాతా, దస్తావేజు — ఇవన్నీ కచేరీ నుంచి ఇంట్లోకి నడిచొచ్చిన మాటలే. కోస్తా వైపు నుంచి వచ్చిన మాట ఒకటుంది: 'ఐ.పి. పెట్టడం'. 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టులో వేసే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అది. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషి కూడా 'చీటీల వాడు ఐపీ పెట్టాడు' అంటాడు. ఏ పాఠ్యపుస్తకమూ నేర్పకుండా ఒక చట్టం జన భాషలో ఇంతగా కలిసిపోయిందంటే, అది ఎన్ని కొంపలను తాకిందో ఊహించుకోవచ్చు.

సుమతీ శతకకారుడు ఊరికి తప్పనిసరి అయినవాటిని లెక్కిస్తూ అప్పిచ్చేవాణ్ణి వైద్యుడి కన్నా ముందు చెప్పాడు. దీన్ని భూస్వామ్య భావజాలమని కొట్టిపారేయడం తేలిక. కానీ వానాధారపు సాగులో విత్తనానికీ పంటకూ నడుమ నాలుగైదు నెలల ఆకలి ఉంటుంది. ఆ నడుమ తిండి పెట్టేవాడు లేకపోతే ఊరు నిలవదు. అప్పు దుర్మార్గం కాదు, అవసరం. ఆ అవసరాన్ని ఆసరా చేసుకుని మనిషి శ్రమను ఎవడు ఎంతకు కొంటున్నాడన్నదే ప్రశ్న. చరిత్ర అంతా ఆ ధర చుట్టూ తిరుగుతుంది.

నిజాం సంస్థానంలో ఆ ధర నెత్తురుతో కట్టవలసి వచ్చేది. పెళ్లికో చావుకో తెచ్చుకున్న కొద్దిపాటి అప్పుకు మనిషి జీతగాడై దొర ఇంట చేరేవాడు. దాన్నే భగేలా అన్నారు. మిత్తి అతని చాకిరీని మింగేది, అసలు అట్లాగే నిలిచేది, అతని తర్వాత కొడుకు చేరేవాడు. 1929 తర్వాత ప్రపంచమంతటా ధరలు పడిపోయినప్పుడు ఇక్కడి రైతు నడ్డి మరింత విరిగింది. పంట ధర సగమైతే అప్పు భారం రెట్టింపైనట్టే కదా. భూములు షావుకార్ల చేతికీ, దేశ్‌ముఖుల చేతికీ పోవడం చూసి నిజాం ప్రభుత్వానికే భయం వేసింది. 1929-30లో ఎస్. కేశవ అయ్యంగార్ చేత గ్రామాల ఆర్థిక పరిశీలన చేయించారు. 1936లో భగేలా ఒప్పందాల మీద నిబంధన, భూమి అన్యాక్రాంతం మీద నిబంధన వచ్చాయి. 1349 ఫస్లీలో, అంటే 1940 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల చట్టం వచ్చింది. చట్టాలకు కొదవ లేదు. కాని వాటిని ఊళ్లో అమలు చేయవలసిన పటేలు పట్వారీలు ఎవరు? అప్పిచ్చినవాళ్లో, అప్పిచ్చినవాళ్ల బంధువులో. దస్తావేజు రాసేదీ వాళ్లే, సాక్షి సంతకం పెట్టేదీ వాళ్లే, తగాదా వస్తే తీర్పరులూ వాళ్లే. సూర్యాపేట తాలూకాలో జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబం చేతికి లక్షన్నర ఎకరాలు చేరాయంటే, అదంతా కత్తితో సంపాదించింది కాదు. కలానికి అందులో పెద్ద వాటానే ఉంది.

ఇప్పుడు సరిహద్దు అవతలికి చూడండి. 1938లో మద్రాసులో రాజగోపాలాచారి ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దు. అప్పటికే అసలుకు రెట్టింపు కట్టి ఉంటే అప్పే రద్దు. మునగాల పరగణా కృష్ణా జిల్లాలో భాగం కనుక ఆ చట్టం పరిధిలోకి వచ్చింది. పక్కనే ఉన్న మేళ్లచెరువు రైతుకు అది పొరుగూరి పెళ్లి భోజనం. 1930లలో మునగాల రైతులు జమీందారు మీద పోరాడుతూ ఉండగా, నందూరి ప్రసాదరావు వంటివారు ఆ ఉద్యమంలో పనిచేస్తూ ఉండగా, 'అక్కడ వడ్డీ రద్దయిందట' అన్న మాట పొలిమేర దాటకుండా ఉంటుందా? తెలంగాణ రైతాంగ చైతన్యానికి కోస్తా నుంచి వచ్చిన పుస్తకాలనూ, పాటలనూ మన చరిత్రకారులు లెక్కవేశారు. పొలిమేర అవతలి చట్టం ఇవతలి రైతులో రేపే అసంతృప్తిని కూడా ఆ లెక్కలో కలపాలని నా అభిప్రాయం. పక్కవాడి అప్పు మాఫీ అయిందని తెలిసిన రైతుకు తన అప్పు విధిరాత అనిపించదు, అన్యాయమనిపిస్తుంది. ఆ తేడాయే రాజకీయం. (ఈ పరగణా 1959లో నల్లగొండ జిల్లాలో కలిసింది.)

1944లో భువనగిరిలో ఆంధ్ర మహాసభ పదకొండవ మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగింది. ఆ తర్వాత వెట్టి, అక్రమ వసూళ్లు, బేదఖళ్ల మీద సాగిన పోరు 1946 నుంచి సాయుధ రూపం తీసుకుంది. జనగామ, సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు దానికి గుండెకాయలు. ఈ పోరాటంలో మనం భూమి పంపకం గురించి ఎక్కువ రాశాం. పది లక్షల ఎకరాలు, మూడు వేల గ్రామాలు అన్న సంఖ్యలు కంఠతా వచ్చు. అంతగా రాయనిది అప్పు పత్రాల దహనం. పుచ్చలపల్లి సుందరయ్య 'వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు'లో దీని ప్రస్తావన ఉంది. ఊరూరా దొర ఇంటి దస్తరాలు బజారుకు తెచ్చి తగలబెట్టారు. భూమి ఆక్రమించడానికీ, కాగితం కాల్చడానికీ మధ్య నాకొక భేదం కనిపిస్తుంది. భూమి ఆస్తి. కాగితం జ్ఞాపకం. చదవడం రాని మనిషి తాత పేరుతో, తాను వేయని వేలిముద్రతో నడిచొచ్చిన జ్ఞాపకాన్ని నిప్పులో వేయడమంటే, నీ లెక్క మాకు ఇక లెక్క కాదని చెప్పడం.

అయితే ఇక్కడ ఆగి ఒక మాట అనుకోవాలి. కాగితం కాలింది, మరి వచ్చే తొలకరికి విత్తనం ఎవరిస్తారు? దొరల గాదెల్లో ధాన్యం పంచినంతకాలం ఆ ప్రశ్న లేదు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది, దాని వెనకే దొరలు వచ్చారు, 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. భూమి కొంత నిలిచింది, వెట్టి మళ్లీ రాలేదు. కాని అప్పిచ్చేవాడి స్థానాన్ని ప్రజల సంస్థ ఏదీ తీసుకోలేదు. 1951-52లో రిజర్వు బ్యాంకు జరిపించిన అఖిల భారత గ్రామీణ రుణ సర్వే ప్రకారం దేశంలో రైతు తెచ్చిన అప్పులో వడ్డీ వ్యాపారుల వాటా నూటికి 70. సహకార సంఘాలది 3.1, ప్రభుత్వానిది 3.3, వాణిజ్య బ్యాంకులది ఒకటి కూడా లేదు. అంటే కాల్చిన కాగితం స్థానంలో కొత్త కాగితం రాయక తప్పని స్థితి. ప్రోనోటు మీద రెవిన్యూ స్టాంపు, మూడేళ్ల కాలదోషం తప్పించడానికి వెనకవైపు 'చెల్లు' రాయించుకోవడం, అదొక కొత్త చదువు.

కాలువ వచ్చాక అప్పు స్వభావమే మారింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు పచ్చబడ్డాయి. మిర్యాలగూడ రైసు మిల్లులకు పేరొచ్చింది. పాత అప్పు ఆకలి నుంచి పుట్టేది, కొత్త అప్పు ఆశ నుంచి పుట్టింది. ఎరువులు, పురుగుమందులు, మోటార్లు, ట్రాక్టర్లు. అప్పిచ్చేవాడు దొర కాదు, మందుల కొట్టు యజమాని. అతను రొక్కం ఇవ్వడు, సరుకు ఉద్దెర ఇస్తాడు. పంట తనకో, తాను చెప్పిన కమీషన్ వ్యాపారికో వేయాలంటాడు. వడ్డీ కాగితం మీద కనిపించదు. సరుకు ధరలో కొంత, పంట ధరలో కొంత దాక్కుంటుంది. ఈ దాక్కునే వడ్డీని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, కార్డు దగ్గర మళ్లీ కలుస్తుంది.

రాజ్యం ఈ దశలో ఊరకుండలేదు. 1969 జులై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ, 1975 అక్టోబరులో వెట్టిచాకిరీ నిర్మూలన ఆర్డినెన్సు, మరుసటేడు చట్టం, 1977లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ రుణ విముక్తి చట్టం, 1980 ఏప్రిల్ 15న మరో ఆరు బ్యాంకుల జాతీయీకరణ. 1981 సర్వే నాటికి గ్రామీణ రుణంలో సంస్థల వాటా నూటికి 61 దాటింది. వామపక్షం ఎంత విమర్శించినా ఇది చిన్న మార్పు కాదు. 1991 నాటికి 64. ఆ తర్వాత సంస్కరణలు. 2002కి 57. బ్యాంకు వెనక్కి తగ్గిన ఆ సందులోనే 1997-98 వరంగల్లు పత్తి రైతుల ఆత్మహత్యలు ఉన్నాయి.

కార్డు సంగతికి వస్తాను. దాని జన్మస్థలం దూరంగా ఉన్నా, మన దేశంలో దాని తొలి అడుగుల్లో ఒకటి తెలుగు అడుగు. 1958లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్నంలో ఒక బ్యాంకు, ఎవరూ అడగకుండానే అరవై వేల కార్డులు టపాలో పంపింది. అడగని వాడికి అప్పు పంపడం అక్కడ మొదలైంది. భారతదేశంలో 1980లో సెంట్రల్ బ్యాంకు, 1981లో ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డు తెచ్చాయి. ఆంధ్రా బ్యాంకు ఎవరిది? జాతీయోద్యమ నాయకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో, తెలుగువాడి పొదుపు తెలుగువాడి వ్యవసాయానికీ పరిశ్రమకూ ఉపయోగపడాలని స్థాపించినది. 1980లో ప్రజల ఆస్తి అయిన మరుసటి సంవత్సరమే ఆ బ్యాంకు ఉత్పత్తి అప్పు నుంచి వినిమయ అప్పు వైపు ఒక కిటికీ తెరిచింది. అప్పట్లో అది పట్నపు పెద్దమనుషుల విలాస వస్తువు, దాని గురించి ఎవరూ కథ రాయలేదు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసి పేరుతో సహా మాయమైంది. కిటికీ మాత్రం గుమ్మమైంది: 2024లో దేశంలో క్రెడిట్ కార్డుల సంఖ్య పది కోట్లు దాటింది.

కార్డు లెక్క మన పల్లె లెక్కలో చెప్పుకుందాం. ఊళ్లో వడ్డీని ఏడాది శాతాల్లో చెప్పరు, నూటికి నెలకు ఎన్ని రూపాయలో చెబుతారు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. మూడు రూపాయలంటే 'అమ్మో' అంటారు, అయిదు రూపాయలకిచ్చేవాడి ముఖం పొద్దున్నే చూడరు. 2004లో రాష్ట్ర ప్రభుత్వం మహిళా సంఘాలకు తెచ్చిన పథకానికి 'పావలా వడ్డీ' అని పేరు పెట్టింది ఈ భాష తెలిసే. నెలకు పావలా, ఏడాదికి మూడు శాతం. ఈ కొలతతో కొలిస్తే, నెలకు మూడున్నర శాతం తీసుకునే కార్డు మూడున్నర రూపాయల వడ్డీ. ఏడాదికి 42. బారువడ్డీ కాదు, చక్రవడ్డీ. నెలనెలా తిరగేస్తే ఏడాదికి 51 దాటుతుంది. నాగు బస్తాకు అర బస్తా. కార్డు నూటికి యాభై. నాగు ఒక పంట కాలానికే అంత తీసేది కనుక రెండూ సమానమనడం తొందరపాటవుతుంది. అయినా దొర గడీ నుంచి బ్యాంకు గాజు తలుపు దాకా నడిచిన తర్వాత ఇంత దగ్గరి సంఖ్య తగలడం నన్ను నిలబెట్టేసింది.

ఇంకా చిత్రమైనది 'కనీస చెల్లింపు'. పదివేలు బాకీ ఉన్నవాణ్ణి అయిదు వందలు కడితే చాలంటారు. అందులో వడ్డీ 350. వడ్డీ మీద సర్కారు పన్ను నూటికి 18 చొప్పున 63. అసలులో తగ్గేది 87 రూపాయలు. పైగా బాకీ మిగిల్చినవాడికి ఆ నెల కొత్తగా కొన్న ఉప్పుపప్పుల మీద కూడా కొన్ననాటి నుంచే వడ్డీ నడుస్తుంది. మొత్తం కట్టేసినవాడికి నెలన్నర దాకా వడ్డీ లేదు. భగేలాలో అసలు తరగకపోవడానికి దొర మోసం కారణమని రాసుకున్నాం. ఇక్కడ మోసమేమీ లేదు, అంతా అచ్చులో ఉంది. పూర్తిగా కట్టగలిగిన జీతగాడికి కార్డు ఉచితం, పైగా బహుమతి పాయింట్లు. కట్టలేనివాడి వడ్డీలోంచే ఆ బహుమతికి డబ్బు వస్తుంది. లేనివాడి నుంచి ఉన్నవాడికి నెలనెలా చందా. దుకాణదారు బ్యాంకుకిచ్చే రుసుమో, అది చివరకు సరుకు ధరలోనే చేరుతుంది కనుక రొక్కమిచ్చి కొనే కూలీ కూడా దానిలో పాలు పంచుకుంటాడు. మందుల కొట్టు దగ్గర చెప్పిన దాక్కునే వడ్డీ ఇదే.

ఈ చరిత్ర మేళ్లచెరువులో ఎలా కనిపిస్తుంది? 1980ల నుంచి ఈ ప్రాంతపు సున్నపురాయి మీద సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. పులిచింతల ప్రాజెక్టు కింద అప్పటి మేళ్లచెరువు మండలంలో కొన్ని ఊళ్లు మునిగాయి. పొలం పోయినవాడు, పొలం చాలనివాడు, బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాడు కర్మాగారం గేటు ముందు కలిశారు. గేటు లోపల రెండు కులాలు ఉన్నాయని నేను ఇక్కడివాళ్లతో మాట్లాడినప్పుడు అర్థమైంది: పర్మనెంటు, కాంట్రాక్టు. కార్డు పర్మనెంటుకు, ఊళ్లో టీచరుకు, చిన్న గుమాస్తాకు దొరుకుతుంది. జీతం చీటీ చూపలేని కాంట్రాక్టు కూలీకి దాని పేద చుట్టాలు దొరుకుతాయి: ఫోను మీద కిస్తీ, బండి మీద కిస్తీ, పుస్తెలతాడు కుదువ, వారం చిట్టీ, ఫోనులో దొరికే అప్పు. పాత ఊళ్లో కులాన్ని బట్టి ఒక్కొక్కరిని ఒక్కో గడప దాకా రానిచ్చినట్టు, అప్పుకు కూడా మెట్లున్నాయి. కింది మెట్టుకు పోయేకొద్దీ వడ్డీ పెరుగుతుంది.

ఈ పేద చుట్టాల చరిత్ర ఆంధ్రదేశంలో ఒకసారి బద్దలైంది. సూక్ష్మ రుణ సంస్థలు 1990ల చివరి నుంచి ఆడవాళ్ల గుంపులకు అప్పులిచ్చాయి. అయిదుగురు ఒకరికొకరు పూచీ, వారం వారం వసూలు. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు పదుల సంఖ్యలో వాటి శాఖలు మూయించారు. హెచ్చరిక ఎవరికీ వినపడలేదు. 2010 జులై–ఆగస్టులో ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ వాటాలు రూపాయలు 985 చొప్పున అమ్మకానికి పెడితే మదుపరులు పదమూడు రెట్లు ఎగబడ్డారు. అదే సంవత్సరం అక్టోబరు 15న, ఆత్మహత్యల వార్తల మధ్య, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది: మొత్తం వడ్డీ అసలును మించరాదు, ఇంటిమీదికి పోయి వసూలు చేయరాదు. కట్టవలసినవాళ్లు కట్టడం మానేశారు. తెలంగాణ పోరాటం తర్వాత తెలుగునాట అప్పు కట్టబోమని ఇంతమంది పేదలు ఒక్కసారిగా నిలిచిన సందర్భం మరొకటి నాకు కనిపించదు. అయినా దాన్ని మనం ఉద్యమమని పిలవలేదు. జెండా లేదు కనుకనా? ఆడవాళ్లు కనుకనా? 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న సంస్థలకు ఆ చట్టం వర్తించదని తేల్చింది. అది కూడా మన సాహిత్య పత్రికల్లో చర్చకు రాలేదు.

2020 డిసెంబరులో ఫోను అప్పుల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయాయి, హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు అరెస్టులు చేశారు. వెనకటి రోహిలా అప్పులవాడు గడప ముందు బైఠాయించి పదిమందిలో పరువు తీసేవాడు. ఫోను అప్పులవాడు మన ఫోనులోని పేర్ల జాబితా లాక్కుని, ఆ పదిమందికీ ఒకేసారి కబురు పంపాడు. పద్ధతి పాతదే, రచ్చబండ మాత్రం జేబులోకి వచ్చింది. రిజర్వు బ్యాంకు 2022లో అడగని కార్డు పంపరాదని ఆదేశించింది, అదే ఏడు ఫోను అప్పులకు నిబంధనలు పెట్టింది, 2023 నవంబరులో వినియోగ రుణాలు ప్రమాదకరంగా పెరుగుతున్నాయని బ్యాంకుల ముక్కుతాడు బిగించింది. మరోపక్క, ఏడాదికి 30 శాతం మించిన కార్డు వడ్డీ అన్యాయ వ్యాపారమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1938లో రాజాజీ ప్రభుత్వం వడ్డీకి హద్దు గీయవచ్చుననుకుంది. ఎనభై ఆరేళ్ల తర్వాత అటువంటి హద్దు గీయడం ఆ కమిషన్ పని కాదని తేలింది.

పంట రుణం ఎన్నికల్లో మాట అవుతుంది. 2008లో కేంద్రం, 2014లోనూ 2024లోనూ తెలంగాణ ప్రభుత్వాలు మాఫీలు చేశాయి. కార్డు బాకీ ఎన్నడూ మాట కాదు. రైతు అప్పు ఊరికి తెలిసిన అప్పు. కార్డు అప్పు భార్యకు కూడా తెలియని అప్పు. ఒకే షిఫ్టులో పనిచేసే ఇద్దరు, ఒకే బ్యాంకుకు బాకీ పడి, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఏళ్లు గడుపుతారు. అందులో ఒకరు నాతో అన్నారు, 'జీతం పడ్డ మెసేజీ, కట్ అయిన మెసేజీ ఒకే నిమిషంలో వస్తాయి సార్, ఏది ముందొస్తదో పందెం కాసుకోవచ్చు' అని. నవ్వుతూనే అన్నారు.

మన రచయితల మాట. 'మా భూమి' నాటకం (1947), వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' (1969) దొరతనపు దోపిడీకి రూపం కట్టాయి. అవి చేయవలసిన పని చేశాయి. కాని వాటి అచ్చులోనే కార్డు అప్పును పోద్దామంటే కుదరదు, ఎందుకంటే అక్కడ దొర లేడు. దారి చూపగల కథ నా దృష్టిలో కాళీపట్నం రామారావు 'యజ్ఞం' (1964). ఆ కథ మీద సుదీర్ఘమైన చర్చ నడిచింది. చర్చలో ఎక్కువ భాగం చివరి హత్య చుట్టూ తిరిగింది. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది, అందులో అప్పిచ్చిన గోపన్న రాక్షసుడు కాకపోవడం. అప్పలరాముడు కష్టజీవి, గోపన్న మోసగాడు కాడు, పంచాయితీ పెద్ద ధర్మం మాట్లాడతాడు. అయినా తండ్రి అప్పు కొడుకుల మెడకు చుట్టుకుంటుంది. ఊళ్లోకి ప్రవేశించిన డబ్బు సంబంధాలే అక్కడ ప్రతినాయకుడు. దుర్మార్గుడు లేకుండా దుర్మార్గం ఎలా జరుగుతుందో తెలుగు కథ ఎనిమిదేళ్లో పదేళ్లో కాదు, అరవై ఏళ్ల కిందటే చెప్పింది.

అయితే 'యజ్ఞం'లో ఒక సౌకర్యం ఉంది. అప్పిచ్చినవాడూ, తీసుకున్నవాడూ, తీర్పు చెప్పేవాడూ ఒకే సభలో కూర్చుంటారు. మేళ్లచెరువు కార్మికుడి బాకీ మూడు నెలలు నిలిస్తే మొండిబాకీ అవుతుంది. బ్యాంకు దాన్ని కొంత తగ్గించి ఆస్తుల పునర్నిర్మాణ కంపెనీకి అమ్ముకోవచ్చు, 2002 నాటి చట్టం ఆ వీలు కల్పించింది. ఆ కంపెనీ వసూలును మరొక ఏజెన్సీకి అప్పగిస్తుంది. ఏజెన్సీ తరఫున ఫోను చేసేది ఏ హైదరాబాదు గదిలోనో నెలకు పన్నెండు పదిహేను వేలకు పనిచేసే మరొక పల్లెటూరి కుర్రవాడు. అతని జేబులోనూ ఒక కార్డు ఉండవచ్చు. ఈ ఇద్దరి మధ్య నడిచే ఫోను సంభాషణను తెలుగులో ఇంకా ఎవరూ రాయలేదు.